ఊరట దొరికింది, జబ్బు తగ్గిందా?

"నీకు తెలిసిన మంచి సైకాలజిస్టు ఎవరైనా ఉన్నారా?" అని నన్ను అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మా తమ్ముడి సంగతి బంధువుల్లోనూ ఆఫీసులోనూ కొందరికి తెలుసు, అందుకని అడుగుతారు. మొన్న మా పిన్ని కూతురు అడిగింది. నంబరు పంపకుండా "ఎవరికి? ఏమవుతోంది?" అన్నందుకు కాస్త నొచ్చుకుంది. "అవన్నీ ఎందుకక్కా, మంచి మనిషైతే చాలు. ఓపిగ్గా వింటే చాలు" అంది.

ఈ అభిప్రాయంతోనే నాకు పేచీ. మంచితనం, ఓపిక అక్కర్లేదని కాదు. అవి రెండూ నిండుగా ఉన్న మనిషి దగ్గర మా తమ్ముడి జబ్బు నెలల తరబడి ముదరడం చూశాను. మనసుకి నచ్చిన సైకాలజిస్టు, మన సమస్యకి సరిపడే సైకాలజిస్టు ఒక్కరే అయితే అదృష్టమే. కానప్పుడు దేన్ని ముందు చూసుకోవాలి అన్నది అసలు ప్రశ్న. సమస్యకి సరిపడటమే ముందు చూడాలని నేనంటాను. తమ్ముడు ఇది చదివి, పేరు, ఉద్యోగం రాయకపోతే ఫర్వాలేదన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

స్పీడ్ బ్రేకర్ల మీద నడిచిన కథ

తమ్ముడికి ఓసీడీ, అంటే అక్కర్లేని అనుమానం వదలకుండా పట్టుకుని, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. ఆ పేరు అనగానే అందరికీ చేతులు కడుక్కోవడం, తాళం లాగి లాగి చూడటం గుర్తొస్తాయి. వాడిది అది కాదు. బైకు మీద పోతూ స్పీడ్ బ్రేకర్ ఎక్కినా, గుంటలో చక్రం పడినా, "ఇప్పుడు నేనెవర్నైనా గుద్దేశానా?" అన్న అనుమానం పట్టుకునేది. అద్దంలో చూస్తే రోడ్డు ఖాళీ. అయినా నమ్మకం కుదరదు. బండి తిప్పి వెనక్కి వెళ్లి, రోడ్డు పక్కన తుప్పల్లోకి సెల్ లైటు వేసి వెతికేవాడు. ఎవరూ ఉండరు. మళ్లీ బయల్దేరతాడు. ఇందాక బండి తిప్పినప్పుడు ఎవరికైనా తగిలిందేమో అని ఇంకో అనుమానం. తెనాలి నుంచి గుంటూరు ఎంత దూరం? సాయంత్రం ఆరుకి బయల్దేరినవాడు ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, పది అయ్యేది. పొద్దున్నే పేపర్లో జిల్లా పేజీ తీసి, ఆ రోడ్డు మీద యాక్సిడెంట్ వార్తేమైనా ఉందేమో చదివేవాడు. ఆ తర్వాత నాకు ఫోను. "అక్కా, గుద్దితే తెలుస్తుంది కదా? తెలియకుండా ఉండదు కదా?"

మొదట వెళ్లింది తెలిసినవాళ్లు చెప్పిన ఒక కౌన్సెలర్ దగ్గరికి. పెద్దాయన, నిజంగా మంచి మనిషి. "నీలాంటి సున్నితమైనవాడు చీమకి కూడా హాని చెయ్యడు బాబూ. మనిషిని గుద్దితే బండి అదరదా, నీకు తెలియదా?" అని గంటసేపు ఓర్పుగా నచ్చజెప్పేవారు. గదిలోంచి వచ్చేటప్పుడు తమ్ముడి మొహం తేటగా ఉండేది. ఆ తేట తిరుగు ప్రయాణంలో మొదటి స్పీడ్ బ్రేకర్ దాకా ఉండేది. తర్వాత తర్వాత వారం దాకా ఆగలేక మధ్యలో ఫోన్లు చేసేవాడు. ఆయన విసుక్కోలేదు. ప్రతిసారీ ధైర్యం చెప్పారు. తమ్ముడికి ఆయనంటే ప్రాణం. ఈలోపు వాడు బైకు మానేశాడు, బస్సెక్కడం మొదలుపెట్టాడు. తర్వాత, బస్సు దిగేటప్పుడు వెనక వచ్చే ముసలావిణ్ణి తోసేశానేమో అన్న దాకా వచ్చింది.

ఓసీడీ తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. అనుమానం వచ్చాక వెనక్కి వెళ్లి చూడటం ఎలాంటిదో, "నేను గుద్దలేదు కదా" అని అడిగి "లేదు" అనిపించుకోవడమూ అలాంటిదే. రెండూ ఆ జబ్బు చేయించే పనులే. అడిగినప్పుడల్లా భయం కాసేపు దిగుతుంది. దిగింది కాబట్టి ఈసారి కూడా అడిగితేనే దిగుతుందని బుర్ర నేర్చుకుంటుంది. ఇంట్లో ఎవరైనా ప్రేమ కొద్దీ చేసేది భరోసా ఇవ్వడమే. అదే పని డబ్బు కట్టి, వారం వారం, అపాయింట్‌మెంట్ పెట్టుకుని చేయించుకుంటే జబ్బుకి ఇంకో ఆసరా దొరికినట్టే. ఆయన వినడంలో లోపం లేదు. ఆ జబ్బుకి చెయ్యాల్సింది వేరే, అంతే.

తర్వాత ఒక సైకియాట్రిస్టు మందు రాసి, హైదరాబాదులో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ మొదటి రోజు ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. యేల్-బ్రౌన్ స్కేలు అని ఓసీడీ తీవ్రత కొలిచే ప్రశ్నల వరస ఒకటుంది, అది ముందు పెట్టుకుని అడిగారు. రోజులో ఎంత సేపు దీనికే పోతోంది, ఆపుకోవాలని చూస్తే ఎంత వరకు ఆపుకోగలుగుతున్నావు, దీనివల్ల ఏమేం మానేశావు, ఇలా. ఆ తర్వాత వాడి భయాలన్నీ కాగితం మీద రాయించి, ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా అంకె వేయించారు. పొద్దున్న జిల్లా పేజీ చదవకుండా ఉండటానికి నలభై. స్పీడ్ బ్రేకర్ దాటాక అద్దంలో చూడకుండా ఉండటానికి అరవై. రాత్రి పూట ఒక్కసారి కూడా వెనక్కి తిరక్కుండా ఇల్లు చేరడానికి తొంభై అయిదు.

తమ్ముడు ఉండబట్టలేక అడిగాడట: "నేను ఎవర్నీ గుద్దలేదనే కదా మేడమ్ మీరూ అనుకుంటున్నారు?" ఆవిడ జవాబు: "గుద్దావో లేదో నాకు తెలియదు. ఆ సంగతి తేలకుండానే ఇంటికెళ్లి అన్నం తిని పడుకోవడం ఎలాగో నేర్చుకుందాం."

బయటికొచ్చి కారిడార్లో నిలబడి, "ఆవిడకి మనసనేదే లేదక్కా, నేను మళ్లీ రాను" అన్నాడు. అమ్మకి, నాకు ఆవిడ విడిగా చెప్పిందేమిటంటే, వాడు ఆ ప్రశ్న అడిగితే "దానికి జవాబు చెప్పొద్దన్నారు" అని మాత్రమే అనమని. కోప్పడొద్దు, బుజ్జగించొద్దు.

ఈ పద్ధతిని ఈఆర్‌పీ అంటారు. భయపెట్టే దాని ఎదుట నిలబడటం, నిలబడ్డాక అలవాటైన ఉపశమనం పని చెయ్యకుండా ఉండటం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు రోగులతో చేసి రాసినప్పటి నుంచి దీనికి చరిత్ర ఉంది. ఓసీడీకి మందులతో పాటు మొదట ఎంచుకోవాల్సిన చికిత్సల్లో ఇదొకటి. తమ్ముడు ఇప్పుడు బైకు నడుపుతున్నాడు. అనుమానం రాకుండా పోలేదు, వస్తుంది. వెనక్కి తిప్పడు. మందు వల్ల ఎంత, దీనివల్ల ఎంత అని నేను విడదీసి చెప్పలేను. కానీ వాడికి నచ్చిన మనిషి ఒకరు, పనికొచ్చిన మనిషి ఇంకొకరు అన్నది మాత్రం కళ్లారా చూశాను.

అయితే మనిషితో పనిలేదా?

సైకాలజీ చదువుకున్న నా స్నేహితురాలు ఒకామె ఇదంతా విని ఒప్పుకోదు. "పద్ధతి కన్నా ఆ ఇద్దరి మధ్య కుదిరే సంబంధమే ఎక్కువ పని చేస్తుందని ఎన్నేళ్ల నుంచో పరిశోధన ఉంది, నువ్వు ఒక్క కేసు పట్టుకుని మాట్లాడుతున్నావు" అంటుంది. కొట్టిపారేసే మాట కాదు. 1936లోనే సైకాలజిస్టు సాల్ రోజెన్‌జ్వైగ్, ఒకదానికొకటి పొసగని చికిత్సలు కూడా ఇంచుమించు ఒకే రకం ఫలితాలిస్తున్నాయంటే వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేదో పని చేస్తోందని వాదించాడు. 1957లో కార్ల్ రోజర్స్ ఇంకా ముందుకెళ్లి, చికిత్స చేసే మనిషిలో నిజాయితీ, ఎదుటి మనిషి మనసు పట్టుకోగల గుణం, షరతుల్లేని ఆదరణ ఉంటే మార్పుకి అవి చాలన్నాడు.

మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడ సంగతి చెబితే నా స్నేహితురాలి వాదనకే బలం. ఆవిడ కొడుకు డెంగీతో పోయాడు, డిగ్రీ చదువుతున్న పిల్లాడు. చదువు, రిజిస్ట్రేషన్ అన్నీ ఉన్న సైకాలజిస్టు దగ్గరికే వెళ్లింది. రెండో సిట్టింగ్‌లోనే గళ్లు గీసిన కాగితం చేతిలో పెట్టి, వచ్చిన ఆలోచన ఒక గడిలో, అది ఎంత వరకు నిజమో పక్క గడిలో రాసుకురమ్మన్నారట. "మా వాడు ఇక రాడన్న ఆలోచన ఎంత నిజమో ఏ గడిలో రాయను చెప్పు?" అని నన్నడిగింది. ఆ కాగితం ఖాళీగా ఆవిడ డ్రాయర్లోనే ఉండిపోయింది. తర్వాత వెళ్లిన సైకాలజిస్టు కొన్ని వారాల పాటు ఆవిడ ఫోన్లో ఉన్న పిల్లాడి ఫోటోలు ఒక్కొక్కటీ చూస్తూ, ఎప్పటిది, ఎక్కడిది అని అడుగుతూ కూర్చున్నారు. ఆవిడకి కావలసింది అదే.

ఆలోచనలు రాయించే ఆ పద్ధతి మంచిదే. 1960ల్లో ఆరన్ బెక్ మొదలుపెట్టిన సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే చికిత్స)లో అది ముఖ్యమైన పనిముట్టు, డిప్రెషన్‌కీ ఆందోళనకీ లక్షల మందికి పనికొచ్చింది. బిడ్డ పోయిన తల్లి దుఃఖం మీద, అదీ అంత త్వరగా, దాన్ని వాడటమే తప్పు. కాబట్టి ఈ ఉదాహరణ కూడా చివరికి నేనన్న దగ్గరికే తెస్తుంది. ఆవిడకి పక్కన కూర్చునే మనిషే చికిత్స. తమ్ముడికి అదే మనిషి ప్రమాదం. ఇద్దరికీ ఒకే నంబరు ఇవ్వలేం.

ఈ గొడవని నాకు బాగా విడమరిచింది ఎడ్వర్డ్ బోర్డిన్ అనే సైకాలజిస్టు 1979లో చెప్పిన సంగతి. చికిత్సలో ఇద్దరి మధ్య కుదరాల్సిన పొత్తు మూడు పాళ్లని ఆయన లెక్క. ఎక్కడికి చేరాలన్న విషయంలో ఒప్పందం, అందుకు ఏం పనులు చెయ్యాలన్న విషయంలో ఒప్పందం, మనుషుల మధ్య నమ్మకం. "ఆయనతో మాట్లాడితే హాయిగా ఉంటుంది" అన్నప్పుడు మనం చూస్తున్నది మూడోది ఒక్కటే. తమ్ముడికి పెద్దాయనతో మూడోది పుష్కలంగా ఉంది, మొదటి రెండూ ఎప్పుడూ మాటల్లోకే రాలేదు. ఆవిడతో మొదటి రెండూ తొలిరోజే కాగితం మీద పడ్డాయి, మూడోది నెమ్మదిగా వచ్చింది. ఇప్పుడు వాడు ఆవిణ్ణి ఎవరేమన్నా ఊరుకోడు.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. సమస్యకి సరిపడేవాళ్లని వెతుక్కోమంటే, సమస్యేమిటో ముందే ఎలా తెలుస్తుంది? తెలిస్తే ఇంకొకరి దగ్గరికి ఎందుకు పోతాం? నిద్ర పట్టడం లేదు, ఏడుపొస్తోంది, ఆఫీసుకి వెళ్లబుద్ధి కావడం లేదు అని మాత్రమే మనకి తెలుస్తుంది. అది డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, ఇంట్లో కొట్టే మొగుడు కావచ్చు. దీనికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. మొదటి మూడు నాలుగు సిట్టింగులు సైకాలజిస్టు మనల్ని అంచనా వేసే కాలం, మనం వాళ్లని అంచనా వేసే కాలం కూడా. ఆ పాటికి వాళ్లు "మీకు జరుగుతున్నది ఇది, ఇందువల్ల అని నేననుకుంటున్నాను, ఇలా చేద్దాం" అని మామూలు తెలుగులో, అమ్మకి కూడా అర్థమయ్యేలా చెప్పగలగాలి. రక్తపరీక్ష చేయించుకు రండి, ఫలానా డాక్టర్ని కలవండి అని పంపించినా అది మంచి లక్షణమే.

చదువు, రిజిస్ట్రేషన్

దీని గురించి క్లుప్తంగా. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అని పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరుండాలి. సైకాలజీలో పీజీ, ఆపైన ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో రెండేళ్ల పూర్తికాలం ఎం.ఫిల్, ఇదీ చాలాకాలంగా ఉన్న దారి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చే నిర్వచనం కూడా దాదాపు ఇదే. ఎం.ఫిల్‌ని యూజీసీ ఎత్తేసినా క్లినికల్ సైకాలజీకి 2025-26 విద్యా సంవత్సరం దాకా మినహాయింపు ఇచ్చింది. ఇకముందు వేరే డిగ్రీల పేర్లు కనిపిస్తాయి, అందుకని డిగ్రీ పేరు కన్నా రిజిస్ట్రేషన్ నంబరు అడగడం తేలిక. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. అడిగితే కోప్పడేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లక్కర్లేదని నా ఉద్దేశం.

యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో పేరు కింద "ప్రముఖ సైకాలజిస్ట్" అని పడేవాళ్లందరూ ఈ లెక్కలోకి రారు. వారాంతపు సర్టిఫికెట్‌తో హిప్నోథెరపీ బోర్డు పెట్టినవాళ్లు, చేతిరాత చూసి మనస్తత్వం చెప్పేవాళ్లు, పిల్లల "మిడ్‌బ్రెయిన్" మేల్కొలుపుతామని వేలకు వేలు గుంజినవాళ్లు, అందరికీ సైకాలజిస్ట్ అన్న ఆ మాటే కావాలి.

అయితే రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఎవరూ పనికిరారని నేను అనలేను. గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం, ఏ సైకాలజీ డిగ్రీ లేని స్థానికులకి శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకి క్లుప్తమైన చికిత్స చేయించింది. మామూలుగా అందే వైద్యం కన్నా అది మెరుగ్గా పని చేసిందని 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చయింది. అందులో నేను గమనించింది, ఆ కౌన్సెలర్లకి చెయ్యాల్సిన పని స్పష్టంగా రాసి ఉంది, ఏది తమ వల్ల కాదో తెలుసు, వాళ్ల పనిని వెనక నుంచి చూసేవాళ్లున్నారు. మన ఊళ్లలో బోర్డు పెట్టుకున్న చాలామందికి ఈ మూడూ లేవు. ఓసీడీ, చిన్నప్పటి లైంగిక హింస మిగిల్చిన గాయాలు, బైపోలార్ (ఉద్రేకం, దిగులు మారి మారి తీవ్రంగా వచ్చే జబ్బు), పిల్లల చదువు సమస్యలకి తెలివితేటల పరీక్షలు, ఇలాంటివాటికి మాత్రం నేను క్లినికల్ సైకాలజిస్టునే వెతుక్కోమంటాను. మందు అవసరమైతే సైకియాట్రిస్టు ఉండాల్సిందే, సైకాలజిస్టులు ఇక్కడ మందులు రాయరు.

అడగడానికి నోరు రాదు

మనలో చాలామందికి అసలు అడ్డంకి ఇదే. డాక్టరు గారిని ప్రశ్నిస్తామా? "నా సమస్యకి మీరు ఏ పద్ధతి వాడతారు, ఇలాంటి కేసులు ఎన్ని చూశారు, ఎన్నాళ్లకి తేడా తెలియాలి, తెలియకపోతే ఏం చేద్దాం" అని అడగమంటే మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది. మనం పెరిగింది అలా.

జస్వంత్ సింగ్ నేకీ అనే మన సైకియాట్రిస్టు 1973లో, భారతీయులకి పాశ్చాత్య ధోరణి థెరపీ కన్నా గురుశిష్య సంబంధం లాంటిది ఎక్కువ కుదురుతుందేమో ఆలోచించమని రాశారు. దాంట్లో నిజం ఉంది. "మీకేమనిపిస్తోంది, మీరే చెప్పండి" అని ప్రతిదానికీ ప్రశ్నే తిరిగొస్తుంటే మన వాళ్లు విసిగిపోతారు. ఏదో ఒక దారి చూపించమని వస్తారు, చూపించడం తప్పు కాదు. నాకున్న అభ్యంతరం ఒకటే, గురువుని వదిలి రావడం మనకి ద్రోహం లాగా ఉంటుంది. తమ్ముడు పెద్దాయన దగ్గర అన్ని నెలలు ఉండిపోవడానికి అదే కారణం. "ఆయన బాధపడతారు" అన్నాడు. వాడి బాధ సంగతి అప్పటికి ఎవరికీ గుర్తు లేదు.

చికిత్స చేసేవాళ్లకే తెలిసిపోతుంది కదా అనుకోవడానికీ లేదు. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో మైకేల్ లాంబర్ట్ బృందం చేసిన పనిలో తేలిందేమిటంటే, తమ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎవరి పరిస్థితి దిగజారుతోందో పసిగట్టడంలో థెరపిస్టులు చాలా వెనకబడి ఉన్నారు. ప్రతిసారీ చిన్న ప్రశ్నపత్రం నింపించి, ఆ ఫలితం వాళ్ల ముందు పెడితే పరిస్థితి మెరుగుపడింది. అంటే మన నోటితో మనం చెప్పడమే దిక్కు. తమ్ముడు మూడో వారంలో "మీ మాట తీరు నాకు కష్టంగా ఉంది మేడమ్" అని ఆవిడతో అనేశాడు. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "ఎప్పుడు అలా అనిపించింది?" అని అడిగి, ఆ రోజంతా దాని గురించే మాట్లాడారు. నాకు ఆవిడ మీద గురి కుదిరింది ఆ రోజే.

ఎవరి తరఫు సైకాలజిస్టు?

సరిపడటం అన్నదాంట్లో దీన్ని ఎవరూ లెక్క వెయ్యరు. డబ్బు కట్టేది తండ్రి, అపాయింట్‌మెంట్ పెట్టేది తండ్రి, గది బయట కూర్చునేది తండ్రి అయినప్పుడు, లోపల ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయి ఏం చెబుతుంది? ఇందాక చెప్పిన 2017 చట్టంలో 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణానికి, ఇతరుల భద్రతకి ముప్పు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. "అమ్మాయి ఏం చెప్పింది సార్?" అని తండ్రి అడిగితే "అది అమ్మాయినే అడగండి" అనగలిగే సైకాలజిస్టు కావాలి. ఆ జవాబు ఇస్తారో లేదో మొదటి రోజే అడిగి తెలుసుకోవచ్చు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. ఎన్నాళ్లో జరగాల్సింది. కానీ జీతం ఇచ్చేది కాలేజీ. హాస్టల్లో పిల్లాడు "నాకిక్కడ ఉండాలని లేదు, ఎంపీసీ నా వల్ల కాదు" అంటే, ఆ మాట ప్రిన్సిపాల్ గదికి చేరదని వాడికి నమ్మకం లేనంత కాలం వాడు నోరు విప్పడు. పిల్లలున్న తల్లిదండ్రులు కాలేజీలో సైకాలజిస్టు ఉన్నారా అని అడిగి ఊరుకోకుండా, పిల్లలు చెప్పింది ఎవరికి చేరుతుందో కూడా అడగాలి.

కులం సంగతి కూడా ఉంది. "మీదే ఊరు, ఇంటిపేరేంటి" అని మొదలుపెట్టి, జవాబు విన్నాక గొంతు మారే సైకాలజిస్టులు ఉన్నారు. యూనివర్సిటీలో వివక్ష ఎదుర్కొంటున్న దళిత విద్యార్థికి "నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావు" అని చెప్పే గదిలో ఏ పద్ధతి పనిచేస్తుంది? అలాగే, కొడుకు మగవాణ్ణి ప్రేమించాడని తెలిసి "మార్పించండి" అని తీసుకొచ్చే కుటుంబాలకి సరేననేవాళ్లు ఇంకా ఉన్నారు. స్వలింగ ప్రేమ జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే ప్రకటించింది. మద్రాసు హైకోర్టు ఆదేశాల తర్వాత 2022లో నేషనల్ మెడికల్ కమిషన్, అలాంటి "మార్పిడి" చికిత్స చెయ్యడం డాక్టర్లకి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని తేల్చింది. మారుస్తామన్న మాట వినగానే లేచి వచ్చేయడమే.

అందుకే "మనవాళ్లే, తెలిసినవాళ్లే" అన్న సిఫార్సు నాకు రుచించదు. మన ఊరు, మన కులం, మేనమామ స్నేహితుడు అయిన సైకాలజిస్టు దగ్గర చెప్పుకోలేని విషయాలే మనిషిని ఎక్కువగా తినేస్తుంటాయి. తెలియని మనిషి దొరకడమే అక్కడ మేలు.

ఎంచుకోవడానికి ఎవరూ లేనప్పుడు

ఇదంతా హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో కూర్చుని చెప్పే కబుర్లని అంటే ఒప్పుకుంటాను. హైదరాబాదులో ఇప్పుడు ప్రైవేటులో ఒక్కో సిట్టింగ్‌కి వెయ్యి నుంచి రెండు, రెండున్నర వేల దాకా అడుగుతున్నారు. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని చట్టం చెప్పినా, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారం వారం సిట్టింగులకి ఇవ్వవు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మామూలు మానసిక సమస్యలున్న నూరుమందిలో ఎనభై అయిదుగురికి చికిత్సే అందడం లేదని తేలింది. ఆ సర్వే చేసిన పన్నెండు రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మన పరిస్థితి అంతకన్నా బాగుంటుందనుకోవడానికి నాకైతే కారణం కనిపించదు.

జిల్లాల్లో ఉన్నవాళ్లు మొదట 14416కి ఫోన్ చెయ్యొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అది, ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. వారం వారం నడిచే చికిత్సకి అది బదులు కాదు, కానీ ఇది సైకియాట్రిస్టు చూడాల్సిందా, ఎక్కడికెళ్లాలి అన్నది తేల్చుకోవడానికి పనికొస్తుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో క్లినికల్ సైకాలజిస్టు పోస్టు ఉంటుంది, మనిషి ఉన్నారో లేదో జిల్లా ఆసుపత్రిలో అడగాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల పేర్లు తిట్లుగా వాడే అలవాటు వల్ల, అక్కడి ఓపీలో నామమాత్రపు ఖర్చుతో చూస్తారన్న సంగతి చాలామందికి తట్టనే తట్టదు.

ఆన్‌లైన్ సిట్టింగుల మీద నాకు మొదట్లో గురి లేదు. తమ్ముడు గుంటూరు వెళ్లిపోయాక ఆవిడ వీడియో కాల్‌లోనే కొనసాగించారు. ఒక రకంగా అదే మేలైంది, ఫోన్ బైకుకి తగిలించి, స్పీకర్ పెట్టి, ఆ స్పీడ్ బ్రేకర్ల రోడ్డు మీదే వాడి చేత అభ్యాసం చేయించారు. అయితే ఇంట్లో తలుపేసుకునే గది లేని ఆడపిల్లకి వీడియో కాల్ ఎందుకూ కొరగాదు. డాబా మీదకెళ్లి గుసగుసగా మాట్లాడే అమ్మాయి అత్తగారి గురించి ఏం చెప్పగలదు? అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కూతురు తెలుగులో మాట్లాడే సైకాలజిస్టు కోసం ఇండియా వైపు చూస్తోంది. అక్కడ లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది, అత్యవసరం వస్తే ఇక్కడి మనిషి అక్కడ ఏం చెయ్యగలరన్నది కూడా చూసుకోమన్నాను.

ఎంపిక లేనప్పుడు కూడా అడగడానికి అవకాశం ఉంటుంది. ఊళ్లో ఒక్కరే ఉంటే ఆ ఒక్కరితోనే, ఎక్కడికి చేరాలి, అందుకు ఏం చెయ్యాలి అన్న రెండూ ముందు తేల్చుకోవచ్చు. పెద్దాయనతో ఆ మాట మొదట్లోనే వచ్చి ఉంటే "ఇది నా పరిధిలోది కాదు బాబూ" అని ఆయనే పంపించి ఉండేవారని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆయన అలాంటి మనిషే.

మానెయ్యాలనుకున్నప్పుడు ఫోన్ ఎత్తకుండా మాయమైపోకండి. ఒక్క సిట్టింగ్‌కి వెళ్లి, ఇంకొకరి దగ్గరికి వెళ్తున్నానని చెప్పి, ఇప్పటిదాకా ఏం గమనించారో, ఏం చేశారో, ఏ పరీక్షలు పెట్టారో ఒక పేజీ రాసి ఇమ్మని అడగండి. మంచివాళ్లు ఇస్తారు. కొత్తవాళ్ల దగ్గర మొత్తం కథ మొదటి నుంచి చెప్పుకునే బాధ సగం తగ్గుతుంది. పిన్ని కూతురు నిన్న ఫోన్ చేసి ఎవరికో, ఏమవుతోందో చెప్పింది. వాళ్ల బాబుకి ఎనిమిదేళ్లు, అక్షరాలు తిరగేసి రాస్తున్నాడట. పిల్లల అభ్యాస సమస్యలకి పరీక్షలు చేసే క్లినికల్ సైకాలజిస్టు నంబరు పంపాను. స్కూల్ నోటుపుస్తకాలు రెండు వెంట తీసుకెళ్లమని, ముందుగా కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించమని చెప్పాను.